ఇంగొక రాడ్డు దించప్పా

మే 6

దొరికింది! దొరికింది, దొరికింది, దొరికింది!

నీళ్ళు కాదు. నీళ్ళు పడలేదు. పాట దొరికింది.

జయరాముడు మామ చేన్లో ఈ పొద్దు బోరు. మా ఊరే, మా నాయన కూలికి పోయే చేనే. పొద్దున్నే సుదర్శనన్న బోరు బండి చేన్లోకి దిగింది. టెంకాయ కొట్టినారు, అందరూ చెప్పులు గట్టు మీద విడిచినారు. నేను రాడ్లు అందిచ్చే పనిలో ఉండా. హ్యామర్ రాతిని కొడతాంటే పక్కటెముకల్లో తాళం. ధడ్ ధడ్ ధడ, ధడ్ ధడ్ ధడ. రెండేండ్లుగా ఈ బండి మీదే పని చేస్తాండా, చెవుల్లో దూది పెట్టుకొని. ఈ పొద్దు దూది మర్చిపోయి పోయినా. అందుకే దొరికింది!

రాడ్డు మొత్తం దిగిపోతాంది, తెల్ల దుమ్మే లేస్తాంది. మామ తల, మీసం, కనురెప్పలు అన్నీ పిండిమరలో నుంచి వచ్చినట్ల తెల్లగా. రాడ్డు అయిపోయిన ప్రతిసారీ ఒకటే కేక: "ఇంగొక రాడ్డు దించప్పా!" కింద నుంచి మొదలై 'అప్పా' దగ్గర గొంతు చీలి పైకి పోతాది. మళ్ళా దుమ్మే. మళ్ళా "ఇంగొక రాడ్డు దించప్పా!" ఫోన్ చొక్కా జేబులో పెట్టి రికార్డు చేసినా.

కడాకు ఆయనే లేచి "చాలప్పా, ఎత్తేయండి" అన్నాడు. రాడ్లన్నీ పైకి ఎత్తేసినాం.

ఒక మనిషి భూమితో పోట్లాడే గొంతు అది. అది శ్రమ గొంతు. బస్టాండులో ఎర్రజెండా వాళ్ళు పంచిన పుస్తకంలో ఉండాది గదా, కళ యాడనుంచి పుడతాదో. ఈడనుంచి! తెల్ల దుమ్ములో నుంచి!

మే 7

పాత పాటలన్నీ ఫోన్‌లో నుంచి తీసేసినా. 'జే ఫ్లేమ్' చచ్చిపోయినాడు. ఎవరా జే ఫ్లేమ్? నేనే! నల్ల కండ్లద్దాలు పెట్టుకొని హైదరాబాదు యాసలో, ఎప్పుడూ ఎక్కని కార్ల గురించి ర్యాప్ అరిచినోణ్ణి. సిగ్గు లేదు నాకు. 'ఉంది' అని పాడినా ఇన్నాళ్ళు. మా ఇంట్లో ఎవురన్నా 'ఉంది' అంటారా? ఉండాది! ఉండాది అంటే నోట్లో డోలు మోగినట్ల ఉండాది!

ఇంగ నుంచి నా పేరు జాయ్ తనకల్లు. మా నాయన యేసన్న, మాయమ్మ నల్లమ్మ, మా మండలం తనకల్లు. అంతే.

మొదటి నాలుగు లైన్లు బండి మీదే వచ్చేసినాయి:

ఎర్రమన్ను తిని పెరిగిన నోరు నాది
ఎండిపోయిన ఏరు పక్కన ఊరు నాది
బోరు పక్కన బోరు పక్కన బోరు నాది
పోరు నాది, పోరు నాది, పోరు నాది

తర్వాత మామ కేక. తర్వాత హ్యామర్. అబ్బా!

మే 11

కదిరిలో ముఖేష్ వాళ్ళ బట్టలంగడి మిద్దె మీద రికార్డింగు. ఆదివారం అంగడి మూత. చీరల మూటలు చుట్టూ పేర్చుకొని మధ్యలో మైకు పెట్టినాం. చీరలు శబ్దాన్ని మింగుతాయంట. నా క్లాస్‌మేట్ వీడు, వాళ్ళ నాయనకి తెలీకుండా లాప్‌టాప్‌లో ఇదంతా నేర్చుకున్నాడు. హ్యామర్ శబ్దాన్ని కోసి తాళం కట్టినాడు చూడు, నేను చీరల మీద పడి దొర్లినా.

ఒక్క దగ్గర మాత్రం వాదులాట. రికార్డులో చివర 'చాలప్పా, ఎత్తేయండి' ఉండాది గదా, దాన్ని కూడా వాడదాం, పాటకి ముగింపు మాదిరి అంటాడు ముఖేష్.

"తీసెయ్" అన్నా.

"బాగుంది గదరా, గొంతు ఎట్ల పడిపోయిందో చూడు."

"తీసెయ్ అంటి గదా!"

వానికి తెలీదు. బోరు బండి మీద 'చాలు' అనే మాట చేను గలాయన తప్ప ఎవడూ అనకూడదు. ఎవడన్నా అంటే భూమి వింటాదంట, ఊట ఆగిపోతాదంట. నేను చేరిన కొత్తలో, బండి ఇంజను చూసే వెంకటేశులన్న అన్నం వడ్డిస్తాంటే 'చాలన్నా' అన్నా. గరిటెతోనే కొట్టినాడు చేతి మీద. అన్నం ఎక్కువైతే చెయ్యి అడ్డం పెట్టాల్నేగానీ నోరు తెరవకూడదు. ఆ మాట మొదటి పాటలో పెడితే పాట ఎండిపోదా?

ఇది మూఢనమ్మకం కాదు. మూఢనమ్మకాల మీద కరపత్రాలు నా పెట్టెలో కట్టలు కట్టలు ఉండాయి. ఇది కళకు సంబంధించిన నిర్ణయం. పోరాటం పాటలో ఓటమి మాట ఉండకూడదు. అంతే.

మే 12

కళకు సంబంధించిన నిర్ణయమే.

జూన్ 3

యూట్యూబులో పాట లక్ష దాటిందప్పా! లక్ష!

కదిరి ఆటోల్లో మోగుతాంది. అనంతపురం పిల్లోళ్ళు డ్యాన్సులు కట్టినారు. జిమ్ములో బరువులు ఎత్తేవాడు "ఇంగొక రాడ్డు దించప్పా!" పెళ్ళి బంతిలో లడ్డు అడిగేవాడు "ఇంగొక రాడ్డు దించప్పా!" టీ అంగడి దగ్గర ఒకడు నన్ను చూసి లేచి నిలబడినాడు. నన్ను చూసి! మాయమ్మ నీళ్ళ ట్యాంకరు దగ్గర బిందె పెట్టుకుంటాంటే "జాయ్ వాళ్ళమ్మ, జరగండి జరగండి" అన్నారంట. ఇంటికొచ్చి నవ్వుతాంది. "ఏమిరా, నువ్వు అరిస్తే నాకు బిందె ముందు నిండె!"

సుదర్శనన్న కూడా బండికి నా ఫొటో అంటిస్తా అన్నాడు.

జూన్ 8

బెంగళూరు నుంచి ఫోను. ఒక మ్యూజిక్ కంపెనీ అంట, నిఖిత అని ఆమె. తెలుగు, కన్నడ కలిపి మాట్లాడింది, బాగానే మాట్లాడింది. వీడియో తీస్తారంట, జూలైలో అనంతపురం కాలేజీ గ్రౌండులో పెద్ద స్టేజీ అంట, నాకంటూ టైం ఇస్తారంట.

తర్వాత అంది: "వీడియోలో వేటకొడవళ్ళు పెడదాం జాయ్. తెల్ల సుమోలు నాలుగు. బాంబు పేలినాక దుమ్ములో నుంచి నువ్వు నడిచొస్తావు. సీమ ఫీల్ రావాల గదా."

రక్తం తలకెక్కింది. "మేడం, నా జన్మలో నేను బాంబు చూడలేదు. మా ఊర్లో కొడవలి అంటే జొన్నచొప్ప కోసేది. సీమ అంటే మీకు సినిమా. మాకు శెనక్కాయ!" అని ఫోను పెట్టేసినా.

పెట్టేసినాక ఫోన్‌నే చూస్తా కూర్చున్నా. మళ్ళా చెయ్యదేమో అని.

చేసింది! "సరే, కొడవళ్ళు వద్దు. ఎర్ర కండువా ఒకటి?" అంది. ఒప్పుకున్నా. ఎర్ర రంగు మనదే గదా. గెలిచినట్లే లెక్క.

జూన్ 15

వీడియో అయిపోయింది. సుమో ఒకటి వచ్చింది. కెమెరా సామాను తెచ్చేదానికంట. వెనకాల కనపడితే కనపడనీ.

జూన్ 19

నాయన అన్నం తింటా తింటా అడిగినాడు: "జయరాముడు నీ పాట విన్నాడా?"

"విననోడు ఎవడుండాడు నాయనా?"

"అడిగినావా ఆయప్పని? పాటలో పెట్టుకుంటా అని?"

"ఆయన గొంతుని లోకం వింటాంది నాయనా. ఒక రైతు గొంతు ఇంత దూరం ఎప్పుడన్నా పోయిందా?"

నాయన చెయ్యి కడుక్కొని పోయినాడు. ఆయనకి ఇవి అర్థం కావు. ఆయన పాట అంటే ఆదివారం చర్చిలో పాడేదే.

జూన్ 20

జయరాముడు మామ ఒక వ్యక్తి కాదు. ఒక వర్గానికి ప్రతినిధి. ప్రతినిధిని ఎవురన్నా అడుగుతారా?

జూన్ 27

చినుకులు పడినాయి. ఊరంతా విత్తేదానికి తయారు. మా నాయనకి మాత్రం పని లేదు. జయరాముడు మామ చేను విత్తడం లేదంట.

ఎందుకు విత్తడం లేదని అడిగినా.

నాయన నా కండ్లలోకి చూసి చెప్పినాడు. మొన్న తనకల్లులో సబ్సిడీ విత్తనం కాయలు ఇస్తాంటే మామ లైనులో నిలబడినాడంట. ఎవడో ఒకడు వెనకనుంచి "ఇంగొక రాడ్డు దించప్పా!" అన్నాడంట. లైనంతా అందుకున్నారంట. ఆడోళ్ళు కూడా నవ్వినారంట. ఒకడు మామ భుజం మీద చెయ్యేసి "ఏం మామా, పాతాళంలో ఎవురన్నా కనపడినారా?" అని సెల్ఫీ తీసుకున్నాడంట. మామ సంచి మడిచి చంకలో పెట్టుకొని లైనులో నుంచి వచ్చేసినాడంట.

మళ్ళా పోలేదు. టీకి పోడు. బస్సెక్కడు. విత్తనం లేదు. నేల పదును ఆరిపోతాంది.

"నలుగురు నవ్వే మొగం పెట్టుకొని ఎట్ల పోతాడురా విత్తనానికి?" అన్నాడు నాయన.

జూన్ 28

నవ్వేవాళ్ళది తప్పు. పాటది కాదు.

జూన్ 29

పాటది కాదు.

జూలై 1

పోయినా. వద్దు వద్దనుకుంటానే పోయినా.

పశువుల కొట్టం ముందర నులకమంచం మీద కూర్చోని పాత తాడు పేనుతాండాడు జయరాముడు మామ. నన్ను చూసి లేవలేదు, తిట్టలేదు. "రా నాయనా, పాటగాడా. ఈ కొస పట్టుకో" అన్నాడు. పట్టుకున్నా. ఆయన పేనుతా ఉంటే నేను అడుగు అడుగు వెనక్కి పోతా ఉండా. దూరం నుంచే మాట్లాడుకున్నాం.

"మామా, ఆ పాట..."

"విన్న్యాలే. మా మనవడు పెట్టినాడు. మోత బాగుండాది."

"నేను నిన్ను ఎగతాళి చేసేదానికి రాయలేదు మామా. నువ్వు మా పోరాటానికి..."

"ఓరి, పోరాటం పక్కన పెట్టు. ఆ పొద్దు చేన్లో ఎవురెవురు ఉండారో చెప్పు."

చెప్పినా. సుదర్శనన్న, వెంకటేశులన్న, అరచేతిలో టెంకాయ పట్టి నీళ్ళ పాయింటు చూపిచ్చినాయన, మామ బామ్మర్దులు ఇద్దరు, మా నాయన, నేను.

"కడాకు వాళ్ళేమన్నారు?"

గుర్తుండాది. అందరూ దించు అన్నారు. బామ్మర్దులు దించు బావా అన్నారు. టెంకాయాయన ఇంగ ఒక్క అడుగులో గంగ అన్నాడు. సుదర్శనన్న అయితే, ఈడిదాకా వచ్చి వదిలేస్తే ఎట్ల అన్నాడు.

"నేనేమన్నా?"

బోరు బండి అలవాటు. ఆ మాట నాలిక మీదికి రాలేదు.

ఆయనే అన్నాడు. "చాలు అన్నా. విన్నావు గదా? మా నాయన ఆ మాట అనలేక రెండెకరాలు పోగొట్టినాడు. మా అన్న అనలేక ఊరే ఇడిచిపోయినాడు. మా ఇంట్లో ఆ మాట అనిన మొదటోడిని నేనురా! దించు అని ఎవుడైనా అంటాడు. నా పెండ్లాము ఆ పొద్దు ఏమనిందో తెల్సునా? ఇన్నేండ్లకి మగోడివైతివి అనింది. నీ పాటలో అది యాడ పెడితివి?"

తాడు నా చేతుల్లో బిగిసింది.

"నన్ను లోకానికి దించమనేవాణ్ణి చేసి పెడితివి. నేను ఎత్తేసినోణ్ణి."

కోపం వచ్చింది, ఎవరి మీదనో తెలీలేదు. తాడు కొస గుంజకి కట్టి వచ్చేసినా. వస్తాంటే వెనకనుంచి అన్నాడు: "పాట ఆపమని చెప్పలేదు నేను. మిగతాది కూడా పెట్టు అంటాండా."

జూలై 3

ముఖేష్‌తో పెద్ద గొడవ. స్టేజీ మీద పూర్తి రికార్డు పెడదాం, చివర హ్యామర్ ఆపేసి మామ మాట ఒక్కటే వినిపిద్దాం అన్నా.

"పిచ్చి పట్టిందా? వేలమంది ఎగురుతాంటే మధ్యలో కరెంటు తీసేసినట్ల ఉంటాది."

"నువ్వే గదరా ఆ పొద్దు బాగుంది అన్నావు!"

"ఆ పొద్దు మనల్ని ఎవుడూ వినలేదు గదరా!"

నిఖితకి ఫోన్ చేసినా. ఆమె ఓపిగ్గానే చెప్పింది. జనం ఎగరేదానికి వస్తారు, ఎగిరినోళ్ళని దించకు, తర్వాత పాట గురించి మాట్లాడుకుందాం, ఒప్పందం కాగితాలు తయారుగా ఉండాయి అని.

'ఎగిరినోళ్ళని దించకు.' అందరిదీ ఒకటే మాట, ఆపకు అని.

ముఖేష్ మాత్రం పూర్తి రికార్డు పెన్ డ్రైవ్‌లో వేసి నా జేబులో పెట్టినాడు. "నీ చావు నువ్వు చావు. ఆపాల్సొచ్చినప్పుడు చెయ్యి ఎత్తు, బీటు నేను ఆపుతా."

జూలై 9

ఈ సాయంత్రమే. వెంకటేశులన్న బండి మీద నుంచే అరిచినాడు, "రేయ్ జాయ్, జాగ్రత్తప్పా, గొంతు ఎండనీకు!" ఎండడం గురించే మాట్లాడతాడు ఎప్పుడూ.

ఎర్ర కండువా ఇంట్లో పెట్టి పోతాండా. నాయన పాత తువాలు తీసుకున్నా.

జూలై 10

రాయాల. రాయాల.

స్టేజీ ఎక్కేటప్పటికి ఇంగా వెలుగుండాది. జనం. జనం అంటే జనం! యాడ చూసినా చేతులు. నేను నోరు తెరవక ముందే హ్యామర్ మొదలైంది, కాలేజీ గోడలు కూడా అదిరినాయి. ఎర్రమన్ను తిని పెరిగిన నోరు నాది! వాళ్ళే పాడుతాండారు నాకంటే ముందు! ఎండిపోయిన ఏరు పక్కన! నా ఊరు, నా యాస, వేల నోళ్ళలో. 'ఉండాది' అంటాంటే 'ఉండాదీ' అని గ్రౌండంతా! నేను పుట్టినందుకు ఇది చాలు అనుకున్నా. అవును, 'చాలు' అనే అనుకున్నా.

కేక వచ్చింది. ఇంగొక రాడ్డు దించప్పా! ఎగిరినారు. ఇంగొక రాడ్డు దించప్పా! మట్టి లేచింది వాళ్ళ కాళ్ళ కింద. ఆ పొద్దు మామ చేన్లో లేచినట్లే. ఆ దుమ్ములో వాళ్ళ మొగాలు చూస్తా నిలబడినా. నిజం రాసుకుంటా: పాట ఆపకూడదు, ఈ ఒక్క పొద్దుకి వద్దు అనుకున్నా. చెయ్యి లేవలేదు. రెండోసారి కేక అయిపోయింది. మూడోసారి. నిఖిత పక్కనుంచి బొటనవేలు చూపిస్తా నవ్వుతాంది. నేనూ నవ్వినా.

అప్పుడు ముందు వరసలో ఒక పిల్లోడు, నా వయసే, నన్ను చూసి పిచ్చెక్కినట్ల అరుస్తాండాడు: "దించన్నా! దించు! దించు!"

టెంకాయాయన మొగం. సుదర్శనన్న మొగం.

చెయ్యి ఎత్తినా.

ముఖేష్ ఆపేసినాడు. అంత జనంలో ఒక్కసారిగా ఏమీ లేదు. ఎగిరినోళ్ళు కింద పడినారు, నవ్వినారు, మైకు పోయింది అనుకున్నారు. ఆ సందులో మామ గొంతు, దుమ్ము పట్టిన గొంతు, పెద్ద స్పీకర్లలో:

"చాలప్పా. ఎత్తేయండి."

రికార్డులో అది అయిపోయినాక బండి ఇంజను ఆగే శబ్దం ఉండాది. కొంచెం కొంచెంగా ఆగిపోతాది. దాని వెనక మామ దగ్గు. అదంతా పోనిచ్చినా. తర్వాత మైకు పట్టుకొని అన్నా: "ఈ మాట అన్నది జయరాముడు. తనకల్లు మండలం. అందరూ దించు దించు అంటాంటే ఆపినోడు. నేను ఈ మాట కోసేసి మీకు పాట ఇచ్చినా. ఇది పూర్తి పాట."

చప్పట్లా? లేవు. వెనకాల ఎవడో "వన్స్ మోర్" అన్నాడు. ఎవడో ఈల వేసినాడు. ముందు వరస పిల్లోడు మాత్రం నోరు తెరుచుకొని అట్లే నిలబడినాడు. వాడి చేన్లో ఎన్ని బోర్లు ఉండాయో.

దిగినాక నిఖిత అంది, "పీక్‌లో ఉన్నప్పుడు ఆపేశావు జాయ్." కోపంగా కాదు, బాధగా. ఒప్పందం గురించి మళ్ళా మాట్లాడతాం అంది.

బస్సులో ముఖేష్, నేను పక్కపక్కన కూర్చున్నాం. ధర్మవరం దాటినాక వాడు నవ్వడం మొదలుపెట్టినాడు. నాకూ నవ్వొచ్చింది. కదిరి దాకా నవ్వినాం.

నేను ఆ మాట వేలమంది ముందర వినిపిచ్చినా! గొంతు ఎండలేదు!

జూలై 16

నిఖిత ఫోన్ చెయ్యలేదు.

పూర్తి పాట పెట్టినాం. పాత దాంట్లో సగం కూడా లేదు. పాతది ఆటోల్లో ఇంగా మోగుతానే ఉండాది, దాన్ని ఎవుడు ఆపగలడు? మామకి వినిపిచ్చేదానికి పోయినా. కడాదాకా విని, "దగ్గు కూడా పెట్టినావే!" అన్నాడు. మజ్జిగ ఇప్పిచ్చినాడు.

జూలై 23

రాత్రి వాన! మా నాయన పొద్దున్నే విత్తే గొర్రు భుజానికెత్తుకొని పోతాండాడు.

"యాడికి నాయనా?"

"జయరాముడు విత్తనం తెచ్చినాడు. లైనులో మళ్ళా ఎవుడో కూసినాడంట, ఇంగొక రాడ్డు దించప్పా అని. ఈయప్ప వెనక్కి తిరిగి, 'మీరు దించుకోండప్పా. నేను ఎత్తేసినా, విత్తుకుంటా' అన్నాడంట. లైనంతా నవ్విందంట." నాయన రెండడుగులు పోయి ఆగినాడు. "ఈ తూరి కూసినోణ్ణి చూసి నవ్వినారంట."

ఆగస్టు 14

నిఖిత ఫోన్ లేదు. బండి మీదే ఉండా. రాసేదానికి వేరే సంగతి ఉండాది.

ఈ పొద్దు కదిరి అవతల ఒక పల్లె. చేను గలాయన తిప్పయ్య అంట. నేనెవరో ఆయనకి తెలీదు. దుమ్ము, దుమ్ము, తెల్ల దుమ్మే. ఇంగొకటి అన్నాడు, ఇంగొకటి అన్నాడు. వాళ్ళ తమ్ముడు నా పాట రాగంలోనే అందుకున్నాడు, ఇంగొక రాడ్డు దించప్పా అని. గట్టు మీద అందరూ నవ్వినారు. నేను తల దించుకొని రాడ్డు ఎత్తుకున్నా.

తిప్పయ్య నవ్వలేదు. తువాలుతో తల దులుపుకున్నాడు. చానాసేపు గుంత దిక్కు చూసినాడు.

"జయరాముడు మాదిరి చేద్దాంలే" అన్నాడు.

"ఎవుడా జయరాముడు?" అన్నాడు తమ్ముడు.

"ఎవరో అప్పా. తనకల్లు దిక్కు మనిషంట. పాటలో చివర వస్తాడు చూడు." లేచి నిలబడినాడు. "చాలు. ఎత్తేయండి."

వెంకటేశులన్న ఇంజను ఆపినాడు. సుదర్శనన్న నా దిక్కు తిరిగి నెత్తి కొట్టుకున్నాడు. "ఏమిరా జాయ్, నీ ఫొటో బండికి అంటిస్తా అంటి గదా. నీ పాట నా బండికే ఎసరు పెట్టె గదరా!"

రాడ్లు పైకి తీసేటప్పుడు వేరే శబ్దం ఉండాది. రెండేండ్లుగా వినలేదు దాన్ని కూడా. ధడ్ ధడ్ కాదు. గొలుసు గలగల, ఇనుము మీద ఇనుము ఒక్క దెబ్బ, మళ్ళా గలగల. పైకి వచ్చే తాళం! దొరికింది! దొరికింది, దొరికింది!

ఫోన్ తీసినా. జేబులో పెట్టుకోలేదు. చేత్తో పట్టుకొని తిప్పయ్య దగ్గరికి పోయి, పాటలో పెట్టుకునేదా అని అడిగినా.